అప్పు ఉన్న ఇంట్లో నూనె కుండ



ఈ నెలలో మేము గృహ సందర్శనకు వెళ్ళిన చాలా ఇళ్ళలో ప్రార్థన మనవి ఒక్కటే: "అయ్యగారూ, అప్పు తీరాలని ప్రార్థన చేయండి." ఒకరికి కౌలు చేనులో మిర్చి తెగులుకు పోయింది. ఒకరికి ఆస్పత్రి ఖర్చు. ఒకరికి ఆడపిల్ల పెళ్ళి. ఇంకొన్ని ఇళ్ళలో ఆ మాటే బయటకు రాదు. "అంతా దేవుని కృప" అంటారు, వాయిదా కట్టే రోజు వస్తే మాత్రం లోపల గడియ పెట్టుకుంటారు. వారు మనలోనే ఉన్నారు.

అందుకని 2 రాజులు 4వ అధ్యాయము మొదటి ఏడు వచనాలు కలిసి ధ్యానిద్దాము. ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషా దగ్గరకు వచ్చి మొరపెట్టుకుంది. భర్త చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోబోతున్నాడు. ఆ చనిపోయినవాడు ఎలాంటివాడు? యెహోవాయందు భయభక్తులు గలవాడని ఆమె చెబితే, ఎలీషా కాదనలేదు. దైవభక్తుడే, అప్పు మిగిల్చి పోయాడు. "విశ్వాసం చాలలేదు కాబట్టే అప్పుల పాలయ్యారు" అని మందిరం వెనక వరుసలో గుసగుసలాడేవారు ఈ మొదటి వచనం దగ్గర కాసేపు ఆగాలి. మైకు పట్టుకొని అదే మాట చెప్పే బోధకులు ఇంకాసేపు ఆగాలి.

ఇంట్లో ఏముందని ఎలీషా అడిగాడు. ఏమీ లేదంది, నూనె కుండ ఒక్కటి తప్ప. తర్వాత ఆయన చెప్పిన పని మనకు చాలా కష్టమైనది. ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, అవీ కొన్ని కాదు. మన ఊళ్ళో ఫంక్షన్ ఉందంటే గంగాళాలు, డేగిసాలు అడిగి తెచ్చుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. అప్పులవాడు గుమ్మంలో ఉన్న ఇల్లాలు ఇంటింటికీ తిరిగి ఖాళీ బిందె అడగాలంటే ఎలా ఉంటుంది? ఎందుకమ్మా అని అడగరా? అడిగే ఉంటారు. ఆమె అప్పు సంగతి వీధికంతా తెలిసే ఉంటుంది. అయినా వెళ్ళింది. పాత్రలు ఉన్నంతవరకు నూనె వచ్చింది, పాత్రలు అయిపోయాక ఆగింది. పొరుగువారి చెయ్యి లేకుండా దేవుడు ఆ కార్యము చేయలేడా అంటే చేయగలడు. అలా చేయలేదు, అంతే.

2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వాయిదాల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు కూడా తెచ్చింది. అప్పు ఎంత పెద్దదైనా, ఎవరితోనూ చెప్పుకోలేని అప్పు ఇంకా బరువు. ప్రియులారా, పురుగుమందు డబ్బా వైపు మీ చూపు పోయిన రోజు ఉంటే, వేళ చూడకండి, అర్ధరాత్రయినా వచ్చి మా తలుపు తట్టండి.

ఇంకొక సంగతి. తలుపు మూసుకొని నూనె పోయమన్నాడు ఎలీషా. కాబట్టి పాత్ర ఇచ్చినవారు గడపలో నిలబడి తొంగి చూడకూడదు.

మన సంఘంలో అప్పు ఇచ్చినవారు కూడా ఉన్నారు, వారు కూడా ఇది చదువుతారు. నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే పదివేలకు ఏడాదికి ఆరువేలు. నెహెమ్యా 5వ అధ్యాయములో జనులు ధాన్యము కోసం, రాజుకు కట్టవలసిన పన్ను కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువ పెట్టారు. నెహెమ్యా పెద్దలను సభలో నిలబెట్టి అడిగాడు. తీసుకున్న ఆస్తులు, నూటికొక వంతు వడ్డీతో సహా, తిరిగి ఇమ్మన్నాడు. వారు ఇచ్చేశారు. నూటికి ఒకటికే ఆయన అంత కోపపడ్డాడు! ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో తిరగలిని తాకట్టు పట్టవద్దని ఉంది. తిరగలి పోతే ఆ ఇంట్లో పిండి లేదు.

విధవరాలి నూనె కుండలు నిండాక ఎలీషా లెక్క తేటగా చెప్పాడు. నూనె అమ్ము, అప్పు కట్టు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి. అప్పు ఎగ్గొట్టమనలేదు. కనుక పంట డబ్బు చేతికి రాగానే ఓణీల ఫంక్షనూ క్రిస్మసు బట్టలూ కాక ముందు వాయిదా చూడండి. ఎలీషా ఆ నూనెలో తన వాటా అడిగినట్టు కూడా వాక్యములో లేదు. ఇంటికి వచ్చి మొక్కుబడి అడిగేవారి విషయంలో అది జ్ఞాపకముంచుకోండి. వాయిదా డబ్బు తీసి మన కానుక పెట్టెలోనూ వేయవద్దు.

బుధవారం ఉపవాస ప్రార్థన అయ్యాక లెక్కలు తెలిసిన ఇద్దరు పెద్దలు మందిరంలో కూర్చుంటారు. ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. ఎవరి దగ్గర ఎంత, ఏ వడ్డీకి, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం ఏమైనా పెట్టారా, అన్నీ రాసుకొని రండి. బ్యాంకు ద్వారా గానీ డ్వాక్రా గ్రూపు ద్వారా గానీ తక్కువ వడ్డీకి మార్చుకునే దారి ఉందేమో చూద్దాము. అక్కడ విన్నది బయటకు పోదు. స్త్రీలు పాస్టరమ్మగారితో విడిగా మాట్లాడవచ్చు, ఆమె కూడా ఉంటారు.