వనప్రవేశము

గోపురము లేని దైవమును, వేదమంత్రము లేని పూజను చూచినంతనే అది మూఢాచారమని త్రోసివేయుట విద్యావంతులకు సులభము. సంస్కారమును కోరు గృహస్థులు అట్టి తీర్పు నిచ్చుటకు పూర్వము, మా ఓరుగల్లు సీమ జనులు పువ్వును, చెట్టును, కొండను ఎట్లు కొలుచుచున్నారో యొకమారు పరికింపవలెనని మా విన్నపము.

జనగామ ప్రాంతము మెట్టనేల. పెద్ద యడవులు అచట లేవు. అయినను వానలు వెనుకబట్టి గట్లమీద తంగేడు, బీళ్లలో గునుగు పూయగానే ఆడువారు ఆ పూలను తెచ్చి బతుకమ్మను పేర్చుదురు. ఇతర పూజలలో పువ్వు దేవతకు సమర్పణము. ఇచట పువ్వే దేవత. తొమ్మిది దినములు ఆడిపాడి తుదకు ఆమెను చెరువున కప్పగింతురు. మా యింట విగ్రహారాధన లేదు. అయినను మా తల్లి గునుగు కొనలకు రంగు లద్దుచుండగా చూచి పెరిగిన మాకు, ఈ పండుగ నేలతోడి చుట్టరికముగనే తోచినది.

ఆ చుట్టరికమునకు మూలము వెదకుచు తూర్పుగా పోయిన అడవి యెదురగును. మేడారము 2016లో ఏర్పడిన భూపాలపల్లి జిల్లాలో నుండి, 2019లో ములుగు జిల్లాలో చేరినది. రెండేండ్ల కొకమారు మాఘపున్నమినాళ్లలో అచట సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. కాకతీయ ప్రభువు కరవుకాలమున కప్పము కోరగా సమ్మక్క యెదిరించి పోరెననియు, గాయపడి చిలకలగుట్టపై అదృశ్యమయ్యెననియు, వెదకినవారికి కుంకుమభరిణె మాత్రమే దొరకెననియు ఐతిహ్యము. ఆమె భర్త పగిడిద్దరాజును మహబూబాబాదు జిల్లాలోని పూనుగొండ్లనుండి కోయ పూజారులు అడవిదారిని కాలినడకన తోడ్కొనివత్తురు. సారలమ్మ కన్నెపల్లినుండి వచ్చును. మరునాడు అడవినుండి వెదురును తెచ్చి గద్దెపై నిలుపుదురు. ఆ సాయంకాలము సమ్మక్క గుట్ట దిగునపుడు పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి పేల్చి వందన మొనర్చును. పన్ను కట్టనన్న తల్లికి నేడు ప్రభుత్వమే మ్రొక్కుచున్నది! భక్తులు తమ యెత్తు బెల్లమును బంగారమని పేర్కొని సమర్పింతురు. నాల్గవనాడు దేవతలు మరల అడవికి పోవుదురు. దీనినే వనప్రవేశ మందురు.

ఒక వేసవిలో, జాతర లేని యేట, మే మా ప్రాంతమున తిరుగుచు ఒక కోయ ముదుసలిని మామిడిచెట్టు క్రింద చూచితిమి. రాలిన కాయలుండగా ఏల తినవని యడిగితిమి. "ఇంక కొత్తల పండుగ కాలె బిడ్డా. అమ్మకు పెట్టక ముందు మేమెట్ల తింటం?" అని యామె నవ్వెను. కాయ ముదిరినగాని టెంక మొలవదు. టెంక మొలవనిచో మనుమలకు చెట్టుండదు. ఈ యెరుక ఆమెకు భక్తిరూపమున అబ్బినది. దీనిని మూఢత్వ మనుట మాకు నోరు రాలేదు. దైవమనగా ముందుగా ఒక హద్దు, చేయి చాపకుండుట అని మా కానాడు బోధపడినది.

అట్లని జాతరలో జరుగునదెల్ల మెచ్చతగినదే యని మే మనము. కోళ్ల మేకల నెత్తురు, సారాయి, జంపన్నవాగు గట్లపై జనులు విడిచిపోవు ప్లాస్టిక్కు కుప్పలు తల్లికి మర్యాద కావు. కాని సంస్కారము పేర గద్దెను గుడిగను, వెదురును విగ్రహముగను మార్చుటయు సంస్కారము కాదు. కోయల నడవడి కోయల చేతిలోనే యుండవలెను. మనము దిద్దుకొనవలసినది మన నడవడిని.

ఇంతకును అసలు భయ మొకటి కలదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి యడవిలో వీచిన పెనుగాలికి వేలకొలది చెట్లు నేలకూలినవి. అది గాలి చేసినది. దారులకు, చేలకు, గనులకు మనుష్యులు ఏటేట కూల్చునవి వేరుగ నున్నవి. గద్దెపై కొలువుదీరిన తల్లి నాలుగునాళ్లకు ఇల్లు చేరవలెను గదా! ఆ యిల్లు అడవి. అది లేనినాడు ఆమెను ఎచటికి సాగనంపుదుము? బెల్లము మోసికొనిపోవు ప్రతి గృహస్థుడును, పూలకై బీడు వెదకు ప్రతి యిల్లాలును ఈ ప్రశ్నను తమ యింట అడిగికొనవలెనని మా ప్రార్థన. చెట్టును నిలిపినవాడే ఆమెకు మ్రొక్కు చెల్లించినవాడు.