ముల్లూ అంకెలూ

మా యింటి వాకిట 1976 నాటి బుల్లెట్టు ఒకటున్నది. మదరాసు పక్కన తిరువొత్తియూరు కార్ఖానాలో తయారైన బండి. నాయన కోయంబత్తూరులో మోటారు పంపులు చేసేచోట పనికి కుదిరిన కొత్తలో వాయిదాల మీద కొన్నారు. నన్నూ చెల్లెలినీ బడికి మోసింది అదే. యిప్పుడు నాయనకు చూపు మందగించింది. రోడ్డు మీదికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పినారు. అయినా ఆదివారం పొద్దున బండిని స్టార్టు చేసి, అయిదు నిమిషాలు ఆ చప్పుడు విని, ఆపితేగాని కాఫీ ముట్టరు.

మోటారుసైకిలు పిచ్చి మా వూరికి కొత్తది కాదు. జి.డి. నాయుడుగారు (1893–1974) కుర్రతనంలో కూలిడబ్బులు కూడబెట్టి, ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర రడ్జి బండి కొని, మరమరలన్నీ విప్పి మళ్ళీ బిగించిన కథ కోయంబత్తూరు తెలుగు యిళ్ళలో విననివారుండరు. ఆ కథ వినీ వినీ నాకూ చెయ్యి దురద పుట్టింది కాబోలు.

దురదకు కారణం వేరే కూడా వున్నది. పోయిన వేసవిలో పొల్లాచ్చి నుంచి రాత్రివేళ వస్తున్నాను. దీపం పెట్టెలో అమ్మీటరు ముల్లు సున్న దగ్గరే వున్నది గనుక అంతా క్షేమమే అనుకొన్నాను. కినత్తుకడవులో వేగం తగ్గించేసరికి దీపం మసకబారి, బండి కుక్కి ఆగింది. బాటరీ లోపల చచ్చివున్నది! చచ్చిన బాటరీ పుచ్చుకోదు, యివ్వదు. ముల్లు సున్న మీద కాక మరెక్కడ నిలుస్తుంది? అమ్మీటరు చెప్పేది ఆనాటి రాబడీ ఖర్చూ మాత్రమే. గల్లాపెట్టెలో యేమాత్రం వున్నదో తెలియాలంటే వోల్టుమీటరు కావాలె.

మా బండి మొదట 6 వోల్టులది; 12కు మార్పించి చాలా కాలమైంది. కనుక అంగడిలో దొరికే మీటరు సరిపోతుంది. అంకెలు వెలిగే చిన్న గుండ్రటిది తెచ్చినాను. నాయన పెళ్ళికని మదురై పోయిన రెండు దినాలలో, ముచ్చటగా వుంటుందని, అమ్మీటరు పీకి ఆ బెజ్జంలోనే దీన్ని దించినాను. అమ్మీటరుకున్న రెండు తీగెలే దీనికీ బిగించినాను.

తాళం తిప్పగానే అంకెలు వెలిగినవి: 12.5. మహా సంతోషం! కాని బ్రేకు తొక్కితే వెనక దీపం లేదు. కిక్కు కొడితే మంట లేదు. మీటరు మాత్రం అంతా బాగున్నదని చెబుతూనే వున్నది. తెలిసినవారు నవ్వుతారు. అమ్మీటరు తీగె మధ్యలో కూర్చునేది. కరెంటంతా దాని కడుపులోనుంచి పోవాలె, అందుకే దానికి దారి విశాలం. వోల్టుమీటరు పక్కన నిలబడి చూసేది. అది తాను వెలిగేందుకు చిటికెడు పుచ్చుకొంటుందిగాని యెవరినీ దాటనివ్వదు. నేను చూసేవాణ్ణి తెచ్చి వాకిలికి అడ్డంగా నిలబెట్టినాను. వీధి మొగలోని మెకానిక్కు ఫోనులోనే సంగతి గ్రహించి, "అణ్ణే, ఆ రెండు తీగెలూ ఒకటిగా కలిపేయండి, మీటరుకు వేరే తీగె లాగండి" అన్నాడు. అట్లాగే చేసినాను. బండి పలికింది. పరుగులో 14 దాకా యెక్కింది.

నాయన ఆదివారం తెల్లవారి వచ్చినారు. నేను మిద్దెమీద వున్నాను. వారు తాళం తిప్పి, వంగి చూసినారట.

"యేమిరా, ముల్లేదీ?"

"తీసేసినాను నాయనా. యిప్పుడు అంకె వస్తుంది," అన్నాను పైనుంచి.

"అంకె నాకానదు గదరా."

నేను దిగేలోపల అందాజుగా ఒక తొక్కు తొక్కినారు. కిక్కు తిరగగొట్టింది. చీలమండ వాచింది.

బుల్లెట్టు లేనివారికి యిక్కడ ఒక మాట చెప్పాలె. కిక్కును కాలితో మెల్లగా నొక్కుతూ పోతే, యింజనులో పాయింట్లు కలిసినప్పుడు కరెంటు లాగి ముల్లు తీసివేత వైపు వాలుతుంది; విడిపోగానే నడిమికి వస్తుంది. అట్లా నడిమికి వచ్చినచోట డీకంప్రెసరు లీవరు పట్టి, కొంచెం దాటించి, వదిలి, ఒక్క తొక్కు. బండి యెదురు తిరగదు. నాయన యిన్నేళ్ళూ ఆ ముల్లు వాలటమూ లేవటమూ చూసే తొక్కినారు. అంకె చదవలేని కంటికి కూడా వాలు ఆనుతుంది. అంకెల మీటరులో ఆ వాలు లేదు. నేను పారవేసింది యేమిటో నాకు అప్పుడు తెలిసింది.

అమ్మ పసుపూ సున్నమూ పట్టువేస్తూ, "కొత్తది కావాలంటే పక్కన పెట్టుకోరాదా, వున్నదాన్ని యెందుకు పీకితివి?" అన్నది. నాయన ఒక్క మాటా అనలేదు. అదే కష్టమైంది.

మరునాడు అమ్మీటరు దాని చోటికి వచ్చింది. తీగెలకు కొత్త చెవులు నొక్కించి, మరలు బిగువుగా తిప్పినాను. ఆ మర వదులైతే బండంతా చీకటే. వోల్టుమీటరుకు హాండిలు మీద చిన్న పట్టీ చేయించినాను. దాని యెర్ర తీగె తాళం దాటిన చోటినుంచి, తాళం తీస్తే నిద్రపోయేటట్లు, నడుమ 1 ఆంపియరు ఫ్యూజుతో. నల్లది నేరుగా బాటరీకి, యెందుకంటే దీపం పెట్టె రంగు మీద తగిలిస్తే యెప్పుడు అంటుతుందో, యెప్పుడు అంటదో!

వాపు తగ్గేందుకు మూడు ఆదివారాలు పట్టింది. నాలుగోనాడు నాయన వచ్చి నిలుచున్నారు. "12.6 వున్నది నాయనా," అన్నాను. విన్నట్లు లేదు. వంగి, ముల్లు నడిమికి వచ్చేదాకా చూసి, తొక్కినారు. మొదటి తొక్కుకే పలికింది. కొంచెంసేపు విని, "ఆ కొత్త పట్టీ గలగలమంటున్నదిరా," అన్నారు.

నిజమే. ఉక్కడం పోయి రెండు రబ్బరు వాషర్లు తేవాలె.