పొయ్యిమీది పాలూ, తెరమీది గీతలూ

పద్దు పుస్తకంలో రాసుకున్న లెక్కకు తొందరలేదు. ఇవాళ కాకపోతే రేపు చూసుకోవచ్చు. అంకె ఎక్కడికీ పోదు. పొయ్యిమీది పాలు అలా కాదు. చూస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటాయి, తల తిప్పామో, పొంగుతాయి. ఇప్పుడు లోకంలో లెక్కలన్నీ పద్దులు మానేసి పాలైపోయాయండీ!

మా కోడలి ఉద్యోగం ఈ పాలకి కాపలా. యంత్రాల నుంచి క్షణక్షణం వచ్చిపడే అంకెలను మనిషి కంటికి ఆనేలా బొమ్మలుగా మార్చే సాధనాలు తయారుచేస్తుంది.

"ఆ అంకెలే చదువుకోవచ్చుగా?" అన్నాను ఓసారి.

"సెకనుకి వెయ్యి వస్తుంటే ఏం చదువుతాం అత్తయ్యా?" అంది.

2013లో ఐబీఎమ్‌లో ఇద్దరు ఇంజనీర్లు తయారుచేసిన 'నోడ్-రెడ్' అనేదాన్ని చూపించింది. తెరమీద చిన్న చిన్న డబ్బాలు, వాటిని కలుపుతూ తీగలు. ఒక డబ్బా అంకెలను అందుకుంటుంది, ఒకటి జల్లిస్తుంది, ఒకటి గీత గీస్తుంది. మనం బియ్యం విసిరి, జల్లించి, డబ్బాకెత్తే వరసే! నేర్పంతా జల్లించడంలోనే ఉందిట. అన్నీ చూపిస్తే ఏదీ కనపడదు. అస్తమానం సగటే చూపిస్తే, క్షణంసేపు ఎగిరిన ప్రమాదం అందులో కలిసిపోతుంది.

"మరి అంకెలు రావడమే ఆగిపోతే?"

"అదే అసలు చిక్కు. చివర వచ్చిన అంకె అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్లు అంతా బాగుందనుకుంటారు. అందుకే కబురు రాకపోతే బొమ్మని బూడిదరంగు చేసేస్తాను. ఆఖరి కబురు వచ్చి ఎంతసేపైందో పక్కనే రాయిస్తాను."

ఆ మాట విలువ నాకు ఆసుపత్రిలో తెలిసింది. ఈసీజీ కాగితం మామూలుగా సెకనుకి 25 మిల్లీమీటర్లు కదులుతుంది. మా వారి మంచం పక్కన ఆ గీతే తెరమీద ఆకుపచ్చగా నడుస్తోంది. హఠాత్తుగా చదునైపోయింది. నా కాళ్లల్లో సత్తువ పోయింది. అప్పుడు కనపడ్డాయి గీత పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు - తీగ ఊడిందని. ఆయన ఒత్తిగిలేసరికి ఛాతీమీది బిళ్ల ఊడింది. నర్సమ్మ వచ్చి అంటించింది. గీత మళ్లీ నడిచింది.

"ఏమిటలా చూస్తావు?" అన్నారాయన.

గుండె ఆగడం వేరు, కబురు ఆగడం వేరు. ఆ తేడా చెప్పగలిగిందే మంచి తెర.

ఇప్పుడు కోడలు పొద్దుపోయేదాకా ఆ బూడిదరంగు గొడవలో మునిగి ఉంటే, కంచం నేనే బల్ల దగ్గరికి పట్టుకెళుతున్నాను. ఏ తెర ముందో ఏ ఇల్లాలో కళ్లప్పగించి కూర్చుని ఉంటుంది కదండీ!