పాచికల ధ్వని, హెచ్చరిక ఘంట

లివరేజ్ అనే పదానికి మన భాషలో సమానార్థకం కోసం కొంతకాలం యోచించాను. ‘ఋణబలం’ అనడం సముచితమని తోచింది. తనది కాని బలంతో, తన శక్తికి మించిన భారాన్ని ఎత్తడమే కదా అది! క్రిప్టో ఫ్యూచర్స్ వ్యాపారంలో ఈ ఋణబలానికి ఒక అంత్యబిందువు ఉంటుంది. దానిని లిక్విడేషన్ ప్రైస్ అంటారు. ధర ఆ బిందువును తాకిన క్షణాన ఎక్స్ఛేంజ్ వ్యాపారి అనుమతి కోరదు, అతడు నిద్రలో ఉన్నాడా, జపంలో ఉన్నాడా అని విచారించదు. పొజిషన్‌ను తానే మూసివేస్తుంది. అతడు ఉంచిన మార్జిన్ హరించుకుపోతుంది.

ఆధ్యాత్మిక జిజ్ఞాసువులకు ఈ ప్రసంగం అప్రస్తుతమనిపించవచ్చు. కానీ సత్సంగానికి వచ్చే యువకులలో పలువురి ఫోన్లలో ఈ యాప్‌లు ఉన్నాయి. ప్రవచనమధ్యంలో వారి చూపు ఎందుకు క్రిందికి వాలుతుందో నాకు తెలుసు. బ్యాంకు ఋణవిభాగంలో ముప్పది సంవత్సరాలు పనిచేసిన వాడిని కనుక, వారిలో కొందరు లెక్కల కోసం నా వద్దకు వస్తారు. అటులే వచ్చినవాడు నా అక్క కుమారుడు.

“మామయ్యా, లిక్విడేషన్‌కి ముందే ఫోన్ మోగేలా అలర్ట్ పెట్టుకోవాలి. ఎంత దగ్గర పెడితే మంచిది?” అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే. ముందు గణితం చూశాము. ఒక బిట్‌కాయిన్ 60,000 డాలర్ల వద్ద ఉన్నప్పుడు, ధర పెరుగుతుందన్న ఆశతో పొజిషన్ తెరిచామనుకుందాం. మెయింటెనెన్స్ మార్జిన్ 0.5 శాతమనుకుంటే, 10 రెట్ల ఋణబలానికి అంత్యబిందువు సుమారు 54,300. 20 రెట్లకు 57,300. 50 రెట్లకు 59,100. 100 రెట్లకు 59,700, అనగా ధర అర శాతం తగ్గితే చాలు, సర్వస్వాహా. ఒకే దినంలో రెండు మూడు శాతం చలించడం బిట్‌కాయిన్‌కు నిత్యకృత్యం. కాబట్టి 50 రెట్ల వద్ద అలర్ట్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నయే నిరర్థకం. ఘంట మ్రోగడానికీ, మనిషి లేచి కళ్ళు నులుముకోవడానికీ మధ్య అవకాశమే ఉండదు. మావాడు 20 రెట్ల మీద ఉన్నాడు.

“సరే, అలర్ట్ మోగింది. అప్పుడేం చేస్తావు?”

“చూస్తాను మామయ్యా.”

“చూసి?”

కొంతసేపు మౌనం. “ఇంకొంచెం మార్జిన్ వేస్తాను. అప్పుడు లిక్విడేషన్ ధర ఇంకా కిందికి పోతుంది కదా.”

“ఎక్కడి నుంచి వేస్తావు?”

సమాధానం ఆలస్యంగా వచ్చింది. అతని పొదుపు ఖాతాలో ఉన్నది వాళ్ళమ్మ మోకాలి శస్త్రచికిత్స కోసం కూడబెట్టిన ధనం. ఆ ‘వాళ్ళమ్మ’ నా తోబుట్టువు.

ఋగ్వేదం దశమ మండలంలో అక్షసూక్తమనే ఒక సూక్తం ఉంది. అందులో జూదరి ఇక ఆడనని మనసులో నిశ్చయించుకుంటాడు. కానీ పాచికలు పలకపై పడిన శబ్దం చెవిని సోకగానే ఆ నిశ్చయం కరిగిపోతుంది, కాళ్ళు అటే సాగుతాయి. మావాడు కోరుకుంటున్న అలర్ట్ నాకు ఆ శబ్దంలాగానే వినిపించింది. ఘంట మ్రోగగానే మరికొంత ధనం పణంగా పెట్టేవాడికి అది రక్షణ కాదు, ఆహ్వానం. వేదాంతులు అంతఃకరణాన్ని విభజించి, సంకల్పవికల్పాలు మనస్సుకూ నిశ్చయం బుద్ధికీ అప్పగించారు. రాత్రి రెండు గంటలకు ఫోన్ కంపించినప్పుడు మేల్కొనేది మనస్సు మాత్రమే. బుద్ధి చేయవలసిన పని పగటివేళ, ధర నిశ్చలంగా ఉన్నప్పుడే పూర్తయి ఉండాలి.

కురుసభలో విదురుడు చేసినది అక్షరాలా అలర్ట్ పనియే. ద్యూతం సాగుతుండగానే ధృతరాష్ట్రుని హెచ్చరించాడు, వాగ్ధాటికి లోపం లేదు. లేనిదల్లా ఆటను ఆపే అధికారం. వ్యాపారపరిభాషలో ఆ అధికారం గలది స్టాప్ లాస్ ఆర్డర్. అది ఎక్స్ఛేంజ్‌లోనే కాచుకొని ఉంటుంది, నిర్ణీత ధర రాగానే అమ్మివేస్తుంది. అలర్ట్ విదురుడైతే, స్టాప్ లాస్ ద్వారపాలకుడు. ఇద్దరూ కావాలి.

ఆనాడు కాగితంపై వ్రాసుకున్నవి ఇవి. మార్జిన్ అలాగే ఉంచి, పొజిషన్‌లో నాలుగింట మూడు వంతులు మూసివేస్తే 20 రెట్లు 5 రెట్లవుతుంది, అంత్యబిందువు సుమారు 48,300కు దిగుతుంది. అలర్ట్ 57,000 వద్ద. అది మ్రోగితే చేయవలసినది ఒక్కటే, ఉన్నదానిలో సగం అమ్మడం. మిగిలిన సగానికి 54,000 వద్ద స్టాప్ లాస్. అనుకున్న ధరలకే అమ్మకం జరిగితే మొత్తం నష్టం మార్జిన్‌లో 37.5 శాతం, ఆపైన రుసుములు. లిక్విడేషన్ ధర దరిదాపులకు పోవలసిన అగత్యమే రాదు. ఏ ఘంట మ్రోగినా కొత్త ధనం చేర్చకూడదన్న వాక్యాన్ని అతడే తన చేతితో వ్రాశాడు.

పనిముట్ల విషయంలోనూ సూక్ష్మాలున్నాయి. లిక్విడేషన్‌కు సాధారణంగా ప్రమాణం మార్క్ ప్రైస్. పలు స్పాట్ మార్కెట్ల ధరలను ఆధారం చేసుకొని ఎక్స్ఛేంజ్ దానిని గణిస్తుంది. చివరి లావాదేవీ ధర క్షణకాలం ఎటో దూకి తిరిగి రావచ్చు. అలర్ట్ దానికి ముడిపడి ఉంటే అనవసరంగా మ్రోగుతుంది, లేదా అవసరమైనప్పుడు మౌనం వహిస్తుంది. క్రాస్ మార్జిన్‌లో అయితే ఇతర పొజిషన్ల నష్టం కూడా అంత్యబిందువును పైకి జరుపుతుంది. నిరుడు పెట్టిన అలర్ట్ నేటి ప్రమాదాన్ని ఎరుగదు. అటువంటివారు ధరకు కాక, మార్జిన్ నిష్పత్తికి అలర్ట్ పెట్టుకోవడం మేలు.

ఇంకొక నిశ్శబ్ద క్షయం ఫండింగ్. 2016లో బిట్‌మెక్స్ ప్రవేశపెట్టిన పర్పెచువల్ ఒప్పందాలకు గడువు తేదీ లేదు. వాటి ధర అసలు ధరకు దూరం కాకుండా ఒక పక్షం మరొక పక్షానికి, సాధారణంగా ఎనిమిది గంటలకొకసారి, కొంత చెల్లిస్తుంది. మన కాలమానంలో ఆ ఘడియలు తరచుగా ఉదయం 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. (మొదటిది ప్రాతఃసంధ్య సమీపంలో రావడం కాకతాళీయమే.) 6,000 డాలర్ల పొజిషన్‌పై విడతకు 0.01 శాతం చొప్పున నెలకు 54 డాలర్లు. మార్జిన్ 600 డాలర్లే అయి, ఖాతాలో వేరే నిల్వ లేకపోతే, అందులో తొమ్మిది శాతం అలికిడి లేకుండా కరిగిపోతుంది. ధర కదలకున్నా అంత్యబిందువు తానే నడిచి వస్తుంది.

ఇవన్నీ అమర్చినా అలర్ట్ సర్వరక్షకం కాదు. 2025 అక్టోబరు 10న చైనా వస్తువులపై అదనంగా నూరు శాతం సుంకం విధిస్తామని అమెరికా అధ్యక్షుడు ప్రకటించగా, కొద్దిసేపటికే ధరలు కుప్పకూలాయి. మనకు అప్పుడు తెల్లవారుజాము మూడు గంటలు కూడా కాలేదు. ఒక్క దినంలో 1,900 కోట్ల డాలర్లకు పైబడిన పొజిషన్లు లిక్విడేట్ అయినట్లు వార్తలు వచ్చాయి. కొన్ని చిన్న నాణేల ధరలు నిమిషాలలో సగానికి పైగా పడిపోయాయి. అంతటి వేగంలో స్టాప్ లాస్ కూడా అనుకున్న ధరకు అమలు కాకపోవచ్చు. అప్పుడు మనిషిని కాపాడేది తక్కువ ఋణబలం, అంతకుముందే పక్కన పెట్టిన ధనం.

శస్త్రచికిత్స సొమ్ము మరుసటి వారమే మా అక్క పేరిట ఫిక్సెడ్ డిపాజిట్‌గా మారింది. వ్యాపారం పూర్తిగా మానుకొమ్మని నేను చెప్పలేదు, చెప్పినా వినే వయస్సు కాదు. అలర్ట్ మాత్రం నా ఎదుటనే పరీక్షించమన్నాను. నడుస్తున్న ధరకు అతి సమీపంలో పెట్టి చూస్తే ఫోన్ మ్రోగలేదు. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగ్ ఆ యాప్‌ను నిద్రపుచ్చింది. అది సరిచేశాక ఒకసారి మ్రోగింది, రెండవసారి మ్రోగలేదు. ‘ఒక్కసారి మాత్రమే’ అన్న ఎంపిక ముందుగానే నిర్ణయమై ఉంది. దానినీ మార్చాము.

అంతవరకు వంటగదిలో ఉన్న అతని భార్య వచ్చి, “మామయ్యగారూ, ఆ అలర్ట్ నా ఫోన్‌కి కూడా వచ్చేలా పెట్టగలరా?” అని అడిగింది. యాప్‌లో ఆ సౌకర్యం లేదు. ఈమెయిల్ హెచ్చరికను ఆమె చిరునామాకు ఫార్వర్డ్ అయ్యేలా అతడే అమర్చాడు.