ఊరు, ఊరి, ఊళ్ళు

ఆరో తరగతిలో ఓ రోజు 'మా ఊరు' గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. వెనక బెంచీలో ఒకబ్బాయి లేచాడు. "ఏ ఊరు రాయాలి మేడమ్? నేను పుట్టిందా, నాన్నగారి పోస్టింగా, తాతయ్య ఉండేదా?"

నాకు జవాబు తోచలేదు. ఎన్నో బదిలీలు చూసినదాన్ని. "మీదే ఊరండీ?" అని ఎవరైనా అడిగితే నేనూ తడబడతాను. అందుకని వ్యాసం పక్కనపెట్టి ఆ మాటనే పట్టుకున్నాం.

పుదుచ్చేరిలో అది పరాయి మాట కాదు. పక్కింటివాళ్ళు "ఎంద ఊరు?" అంటారు. బాహూరు, విల్లియనూరు, కడలూరు అని చుట్టుపక్కలంతా ఊళ్ళే. అయితే తమిళంలో మనుషులుండే ఊరికి ఒక 'ర', నీరు ఊరడానికీ ఊరగాయకూ ఇంకో 'ర'. మనకూ ఒకప్పుడు ఆ రెండోది బండి ఱతో 'ఊఱు'. మనం వదిలేసిన తేడాను తమిళం ఇంకా రాస్తోంది. ఈసారి కొట్లో ఊరగాయ సీసా మీద తమిళ అక్షరాలు చూడండి.

"ఊరికే వెళ్ళాను" అంటే పనేమీ లేకుండానా, మరెక్కడికీ కాక సొంత ఊరికేనా? దీని మీద క్లాసులో పెద్ద గొడవే జరిగింది.

ఊరు పక్కన మరో మాట చేరితే చివరి 'ఉ' పోయి 'ఇ' వస్తుంది: ఊరి చెరువు, ఊరికి, ఊరిలో. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. పేరు చూసి భయపడకండి, మన ఇంటిపేర్లలోనే ఉంది: ఏలూరి, నెల్లూరి, చిత్తూరి. ఏలూరులో ఉన్నంతకాలం అందరూ ఏలూరివాళ్ళే, ఆ పేరుతో ఎవరినని గుర్తుపడతారు? ఊరు వదిలి వెళ్ళాకే, కొత్తచోట ఎవరో "ఏలూరివారు" అని పిలిచి ఉంటారు. ఇది నా ఊహే, కానీ నాకు నచ్చిన ఊహ. ఆ చిన్న 'ఇ' ఊరు దాటినవాళ్ళు వెంట తెచ్చుకున్నది.

"మా ఇంటిపేరులో ఊరి లేదు మేడమ్," అన్నాడు ఆ అబ్బాయి, చిన్నబోయి. ఏం చెప్పాలో తెలియక బహువచనంలోకి దిగాను: కూతురు కూతుళ్ళయినట్టే ఊరు ఊళ్ళవుతుంది.

మర్నాడు వాడి నోట్‌బుక్కు వచ్చింది. శీర్షిక దిద్దుకున్నాడు: 'మా ఊళ్ళు'. ఐదు వాక్యాలు, ఐదు ఊళ్ళు. చివరిది పుదుచ్చేరి. "మా క్వార్టర్స్ నుంచి సముద్రం కనిపించదు, రాత్రి వినిపిస్తుంది" అని రాశాడు.