మడ చెట్ల ఊళ్ళో ఒక పూట

థాంక్స్‌గివింగ్ సెలవులకి ఫ్లోరిడా అనగానే పిల్లలు డిస్నీ అన్నారు. నేను పట్టుబట్టి ఎవర్‌గ్లేడ్స్ సిటీకి తీసుకెళ్ళాను. పేరుకే సిటీ. 2020 లెక్కల ప్రకారం జనాభా నాలుగు వందలు కూడా లేదు.

పడవ మలుపు తిరగ్గానే అటూ ఇటూ మడ చెట్లు. "అమ్మా, కోరంగి!" అంది మా అమ్మాయి. రెండేళ్ళ క్రితం కాకినాడ వెళ్ళినప్పుడు చూసింది లెండి. కాకపోతే కోరంగిలో ఊపిరి వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొస్తాయి. ఇక్కడి ఎర్రమడకి వేళ్ళు కొమ్మల మీంచి నీళ్ళలోకి దిగుతాయి.

పడవ నడిపే పెద్దాయన వాళ్ళది చేపలు పట్టే కుటుంబమట. 1947లో ఇక్కడ నేషనల్ పార్క్ పెట్టాక కూడా వేట సాగింది. 1985 చివర్లో మాత్రం పార్కు నీళ్ళలో అమ్మకానికి చేపలు పట్టడం పూర్తిగా ఆపేశారు. పదేళ్ళకి, 1995లో, రాష్ట్రం మొత్తం తీర జలాల్లో పెద్ద వలలే నిషేధించారు. సరదాకి గాలం వేసేవాళ్ళకి మాత్రం పార్కులో ఇప్పటికీ అనుమతి ఉంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మా వైపు చూడలేదు.

ఇప్పుడు ఊరికి ఆధారం మాలాంటి యాత్రికులూ, పార్కు దాటి సముద్రంలో దొరికే స్టోన్ క్రాబ్ పీతలూ. అక్టోబర్ 15 నుంచి మే 1 దాకా సీజన్. పీతని చంపరు, పెద్ద కాలు తీసుకుని నీళ్ళలో వదిలేస్తారు. బతికితే కాలు మళ్ళీ మొలుస్తుంది. మడ వేళ్ళ మధ్య చేప పిల్లలు, రొయ్య పిల్లలు పెరుగుతాయి కాబట్టే బయట సముద్రంలో వేట ఉంది, ఆ సంగతి ఆయనకి మనకంటే బాగా తెలుసు. అడవి వద్దని ఆయన అనలేదు. ముందు తమనే ఎందుకు ఆపారన్నదే ఆయన బాధ. నాకూ అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది.

కోరంగి 1978లో అభయారణ్యం అయింది. అంతకుముందు అమ్మమ్మ పొయ్యిలోకి మడ పుల్లలే, గేదెలకి మడాకే. ఆయనకి అదంతా చెప్పాను.

"మరి అడవి మూసేశాక మీ అమ్మమ్మకి పొయ్యిలోకి ఏమిచ్చారు?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి హోటల్ నుంచి అమ్మకి ఫోన్ చేశాను.

"ఏమిస్తారే? సరుగుడు పుల్లలు కొనుక్కున్నాం," అంది.