బత్తాయి తొక్క

దేనికైనను ‘చెత్త’ యని పేరు పెట్టిన తోడనే దానిని గూర్చి యాలోచించుట మనము మానుదుము. ఈ యలవాటు వస్తువుల యెడలనే కాదు, ఆ వస్తువుల నెత్తి మోయు మనుష్యుల యెడలను మనకు గలదు.

నేను దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరుల నడుమ నివసించువాడను. వేసవి వచ్చినచో ఈ దారి పొడవునను పండ్లరసము బండ్లు నిలుచును. కొత్తపేటలోని పండ్ల మార్కెట్టు 2021 లో బాటసింగారమునకు తరలెను గాని, ఈ బండ్లు మాత్రము తరలలేదు. నల్లగొండ బత్తాయిలను పిండి రసము మనకిత్తురు. పండులో రమారమి సగము బరువుండు తొక్కయు పిప్పియు డబ్బా పాలగును.

ఆ డబ్బాలోనికి పోవుచున్నదేమి? తొక్క పైపొరలో సన్నని నూనె తిత్తులు గలవు. తొక్కను దీపము కడ వంచి నొక్కినచో చిటపట మండునది ఆ నూనెయే. అందులో అధికభాగము లిమొనీన్. అది జిడ్డును కరగించును, సబ్బులకు సువాసన నిచ్చును. క్రింది తెల్లని పొరలో పెక్టిన్ గలదు. 1825 లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు అన్రీ బ్రాకొన్నో దీనిని గుర్తించి పేరిడెను. పులుపు కలిపిన వేడినీట తొక్కను నానబెట్టి, వడకట్టి, మద్యసారము చేర్చినచో పెక్టిన్ జిగురువలె విడివడును. పండ్ల జాము గట్టిపడుట దానివలననే. తొక్కల నెండబెట్టి సున్నిపిండిలో కలుపుకొనిన మన యవ్వలు పేర్లెరుగకున్నను విలువ నెరిగినవారే.

ఇట్టి ప్రయత్నము మన నగరమునకు క్రొత్తది గాదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతిచే, దినమునకు 10 టన్నుల వ్యర్థములను వాయువుగా మార్చి విద్యుత్తు పుట్టించు యంత్రాగారమును నెలకొల్పిరి. ఇది మెచ్చదగిన పని. కాని బత్తాయి తొక్కను మొదటనే వాయువునకు వేయుట గంధపుచెక్కను పొయ్యిలో పెట్టుట వంటిది. పైగా లిమొనీన్ వాయువును పుట్టించు సూక్ష్మజీవులకు హాని చేయును. ముందు నూనె, పిమ్మట పెక్టిన్, తుదకు మిగిలిన పిప్పి వాయువునకు: ఇదియే సరియైన వరుస.

ఆటంకము శాస్త్రములో లేదు, డబ్బాలో నున్నది. తొక్కలతోపాటు ప్లాస్టిక్ గ్లాసులు, ఎంగిలి యన్నము నందే పడును. ఎండకు తొక్క త్వరలోనే పులిసి బూజు పట్టును. తడి పొడి చెత్తలను వేరుచేయవలెనని 2016 లోనే కేంద్రప్రభుత్వము నియమములు చేసెను. ఈ మాటయే నేనొక బండివానితో ననగా, “ఏరుగ పెడ్త సారూ, మరి కొంచవోయేటోళ్లేరి?” యని యతడు నన్నే ప్రశ్నించెను. అతని ప్రశ్న న్యాయమైనది. ఒక్క బండి తొక్కతో కర్మాగారము నడువదు. వీధివీధి బండ్ల తొక్కలను ఆనాడే సేకరించు ఏర్పాటుండవలెను. మందులు చల్లిన తోటల తొక్కలను పరీక్షింపకయు వాడరాదు.

మరియొక మాట. నేడు మనము కలిపిపారవేసిన దానిని వట్టి చేతులతో విడదీయువారు పేద స్త్రీలు. రేపు ఆ తొక్కకు ధర వచ్చినచో, లాభము కర్మాగారమునకును కంపు వారికిని మిగులరాదు. సేకరణ పని వారి సహకార సంఘములకే దక్కవలెను. అంతవరకు గృహిణులును గృహస్థులును చేయదగినది స్వల్పమే: వంటింట రెండు డబ్బాలుంచుట, రసము త్రాగినచోట గ్లాసును తొక్కల మీద విసరకుండుట. దీనికి ఏ ప్రభుత్వాజ్ఞయు నక్కరలేదు.